తీసేసిన అంచులు

రాయచోటిలో పెదనాన్న కూతురి పెళ్ళి చూసుకుని పద్మశ్రీ ఎమ్మిగనూరుకు తిరిగొచ్చిన మరునాడు ఆదివారం. పొద్దున్నే వాకిలి ఊడ్చి, అత్తకు కాఫీ ఇచ్చి, ఎప్పటిలాగే మెత్తటి బ్రష్షు, పాత పంచె గుడ్డ పట్టుకుని ముందు గదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుంది.

ఆ ఊళ్ళో కిటికీలు మూసినా దుమ్ము ఆగదు. అది లోపలి ఫ్యాన్‌లో పేరుకుంటే కంప్యూటర్ వేడెక్కుతుంది, వేడెక్కితే ఆగిపోతుంది. అందుకే ఆమె ప్రతి ఆదివారం పక్క మూత విప్పి దుమ్ము తుడిచేది. అక్కర్లేనివి తీసేసేది, వైరస్ ఏమైనా చేరిందేమో చూసేది. తన పనినంతా విడిగా ఉన్న హార్డ్ డిస్కులోకి ఇంకో కాపీ ఎక్కించేది. ఏళ్ళు గడిచినా ఆ కంప్యూటర్ మొరాయించకపోవడానికి అదే కారణం. ఇంట్లో మాత్రం దానికి 'పద్మ చేసే పూజ' అని పేరు పెట్టి నవ్వుకునేవారు.

ఆమె దాని మీద గళ్ళు నింపుతూ చీరల అంచులు గీసేది. మగ్గాలవాళ్ళు వచ్చి ఆ బొమ్మలు తీసుకుపోయేవారు. అయితే ఆమె ప్రాణం పెట్టి చేసిన పని వేరే ఉంది. అత్త సుబ్బక్క కాపురానికొచ్చిన నాటి నుంచి నేసిన పాత అంచులన్నీ గీసి దాచడం. సుబ్బక్కకు ఇప్పుడు నీడలు తప్ప ఏమీ కనిపించవు. ఆ పాత చీరలు స్టీలు సామాన్లవాళ్ళకు ఎప్పుడో వేసేశారు. మిగిలిందల్లా ఆమె జ్ఞాపకంలో ఉన్నదే. మధ్యాహ్నాలు ఆమె మంచం మీద కూర్చుని, "రెండు గళ్ళు ఇడిసిపెట్టు పాపా, మూడు నింపు, ఇప్పుడు హంస ముక్కు కిందికి దించు" అని చెబుతుంటే కోడలు గీసేది. అట్లా రెండు ఎండాకాలాలు గడిచాయి.

ఆ రోజు కంప్యూటర్ తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది. ఫ్యాన్ గరగరమంటోంది. తెర నిండా ఆమె ఎరగని గేములు. 'అంచులు' అని పేరు పెట్టుకున్న ఫోల్డర్ కోసం వెతికింది. లేదు. వెంటనే హార్డ్ డిస్కు తగిలించి చూసింది. అందులో అన్నీ సినిమాలే.

డిగ్రీ ముగించి ఇంట్లో ఉంటున్న మరిది వీరేష్ అప్పుడే లేచి వచ్చాడు.

"దీంట్లో అంచులు ఉండె గదా వీరేష్. యాడ పోయినాయి?"

"శానా స్లో అయిపోయిండె వదినా. గేమ్ ఎక్కల్యా. జాగా కోసం కొన్ని తీసేసినా."

"నన్నొక మాట అడగల్లని తోచల్యా నీకు?"

"అన్నను అడిగినా. అన్ననే తీసేయమన్నాడు. డిస్కు గూడా అన్ననే ఇచ్చినాడు, ఖాళీ చేసుకోమని."

బట్టల షాపులో పనిచేసే చంద్రమోహన్ వాకిట్లో బండి తుడుస్తున్నాడు. భార్య ముఖం చూసి, చేతిలో గుడ్డతోనే లోపలికి వచ్చాడు.

"ఏమైంది ఇప్పుడు? బొమ్మలే గదా. మళ్ళీ గీసుకుంటే పోతాది."

"బొమ్మలే అంటాండావా?"

"మరేంటివి? వారం వారం దాని ముందర కూచుని తుడుస్తాండావు. అయినా పోయినాయంటే, ఆ తుడిచినదానికి అర్థమేముండాది?"

ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకున్న పద్మశ్రీకి ఆ మాటతో ఒళ్ళు మండిపోయింది.

"నేను తుడిచినన్నాళ్ళూ బాగుండె. నేను ఊర్లో ల్యాని నాలుగు దినాలకే అన్నదమ్ములిద్దరూ కలిసి నాశనం చేసి, తప్పు నా గుడ్డ మీదికి తోస్తాండావా? నీ చేతిలో ఉండేదేందప్పా? అదీ గుడ్డే గదా. బండికి ఆయిల్ మారుస్తావు, చైన్ బిగిస్తావు, సర్వీసు ఒక్కనాడు ఆలస్యమైతే మెకానిక్‌ను తిడతావు. దానికెవరూ పూజని పేరు పెట్టల్యా. నీది గాబట్టి అది పని. నాది గాబట్టి ఇది పిచ్చి."

"గొంతు తగ్గించు. అమ్మ ఇంటాది."

"ఇననీ. పోయినవి ఆమెవే."

సుబ్బక్క గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. "ఏం పోయినాయి పాపా?"

పద్మశ్రీ లేచి వెళ్ళి అత్త చెయ్యి పట్టుకుంది.

"హంసల అంచు ఉండాదా?"

"ల్యాదత్తా."

"ఏనుగుల వరస?"

"అదీ ల్యాదు."

"తీగ మీద మొగ్గలు?"

పద్మశ్రీ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుబ్బక్క మెల్లగా గడప మీద కూర్చుండిపోయింది.

"కండ్లు పోయినప్పుడు గూడా నేనింత ఏడ్వల్యా చంద్రా. తలకాయలో ఉండేదంతా పాప దగ్గర దాచిపెడితి గదాని ధైర్యంగా ఉంటి. ఇంట్లోనే ఉన్నా గదరా, కేకేస్తే పలికేదాన్ని. నన్నన్నా ఒక మాట అడగలేకపోతిరా?"

ఆ పూట సుబ్బక్క అన్నం ముట్టలేదు.

మరునాడు అతను షాపుకు సెలవు పెట్టి, హార్డ్ డిస్కు తీసుకుని కర్నూలు బస్సెక్కాడు. అక్కడి కంప్యూటర్ రిపేరు షాపు సుందరం చాలాసేపు తంటాలు పడ్డాడు. వాటి మీద సినిమాలు ఎక్కించేశారు కాబట్టి పూర్తిగా రావని చెప్పి, చిక్కినంత తీసిచ్చాడు. ఇంటికొచ్చి తెరిచి చూస్తే కొన్ని అంచులు మాత్రమే బాగున్నాయి. మిగతావి సగంలో తెగిపోయాయి. ఒక ఏనుగుకు కాళ్ళున్నాయి, తల లేదు.

"తక్కినవి నువ్వు గీస్తావు గదా?" అన్నాడు నెమ్మదిగా.

"గీయను," అంది పద్మశ్రీ. "తీసేసినోళ్ళే గీయండి. అత్త చెప్తాది. ఒక్క అంచు పూర్తిచేసి చూపించండి. బొమ్మలే గదా."

అన్నట్టుగానే ఆమె మౌస్ ముట్టుకోలేదు. మరుసటి ఆదివారం అన్నదమ్ములిద్దరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. ముందు వీరేష్ చేత గేములన్నీ తీయించింది. పక్క మూత విప్పించింది. ఫ్యాన్ రెక్కల మీద బూజులా పట్టిన దుమ్ము చూసి అతను బిత్తరపోయాడు.

"రెండు వారాలకే ఇంతనా వదినా?"

"ఇంతే. వేలు పెట్టొద్దు, బ్రష్షుతో మెల్లగా తుడువు."

తరవాత సుబ్బక్క చెప్పసాగింది. చంద్రమోహన్ గళ్ళు నింపసాగాడు. ఒక గడి తప్పితే తొండం వంకరపోయేది. మొత్తం చెరిపి మళ్ళీ మొదలు. నడుము పట్టేసింది, కళ్ళు మంటలెత్తాయి. ఏనుగు వీపు దాకా వచ్చేసరికి కరెంటు పోయింది.

"సేవ్ చేసినావా?" అంది పద్మశ్రీ.

"ల్యా."

ఆమె నవ్వలేదు. "మళ్ళీ మొదలుపెట్టు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఏనుగు నిలబడింది. చంద్రమోహన్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఒకే ఒక్క ఏనుగు. పోయిన అంచులన్నీ తలుచుకుంటే అతనికి భయం వేసింది.

అప్పుడు సుబ్బక్క ఎవరూ అడగకుండానే ఇంకొకటి మొదలుపెట్టింది. "ఇది పాపకు గూడా చెప్పల్యా. గియ్యి. ఒక గడి పైకి, రెండు పక్కకు..."

నాలుగు వరసలు నిండేసరికి చంద్రమోహన్ చెయ్యి ఆగింది. ఊళ్ళో నేతగాళ్ళందరూ ఎరిగిన అంచు అది. చనిపోయిన తండ్రి సుంకన్న పేరు మీదే దాన్ని సుంకన్న అంచు అంటారు. షాపుకొచ్చినవాళ్ళు ఆ అంచు చీర అడిగితే, అది మా నాయన పుట్టించిన అంచు అని అతను ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నాడో.

"ఇది నాయన అంచు గదమ్మా."

"నాదే చంద్రా. నువ్వు కడుపులో ఉన్నప్పుడు, మీ నాయన సంతకు పోయింటే మగ్గం మీద ఏసి చూసినా. ఆయప్పకు నచ్చి నేసినాడు. అడిగినోళ్ళకు తనదేనని చెప్పినాడు."

"నువ్వెందుకు చెప్పల్యా?"

"ఎవరడిగినారు?"

చంద్రమోహన్ కళ్ళ ముందు గళ్ళు అలుక్కుపోయాయి. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని మిగిలిన వరసలు నింపాడు. సేవ్ చేయబోతే కంప్యూటర్ పేరు అడిగింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'సుబ్బక్క అంచు' అని కొట్టి, పైకి చదివి వినిపించాడు. సుబ్బక్క చెయ్యి చాపి, తెర ఎక్కడుందో తడిమి, దాని మీద అరచేయి ఆనించింది.

పద్మశ్రీ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"తప్పు నాది పద్మా. బొమ్మలే గదా అంటి."

"అంటివి," అంది ఆమె. పరవాలేదు అనలేదు. స్టూలు లాక్కుని భర్త పక్కన కూర్చుంది.

"తొలుత దీనికి ఇంకో కాపీ తియ్యి. తీసినాక, అత్త చెప్తాంటే తీగ మీద మొగ్గలు నేను మొదలుపెడతా."