వంగి నరికిన చెరుకు

పొద్దున్నే మోటకు ఎడ్లను కట్టిన చప్పుడు వినగానే నీలమ్మ గట్టు మీదికి వెళ్లి నిలబడింది. ముడిమ్యాలలో మామ కుర్మయ్య తన చెరుకు తోటను ఇద్దరు కోడళ్ల కాపురాలకూ చెరి సగం పంచాడు. యుద్ధం రోజులు, బెల్లానికి మంచి గిరాకీ. రెండు మళ్లనూ ఒకే వారంలో నరికారు. నరికిన దుబ్బులు మళ్లీ చిగురిస్తేనే ఈ ఏడు పంట.

చిన్నకోడలు అంతమ్మ మడిలో పిలకలు గుబురుగా లేచాయి. నీలమ్మ మడిలో ఇక్కడొకటి, అక్కడొకటి, అవీ గాలికే విరిగిపడుతున్నాయి. పక్కమడి పచ్చదనం ఆమె కళ్లలో కారం కొట్టినట్టయింది. విసవిసా ఇంటికి వచ్చింది.

"మామా, నీకు చిన్నకోడలంటేనే పానం. మంచి భూమి ఆమెకిచ్చి చవుడు నా మొకాన కొట్టినవ్!"

కుర్మయ్య అంబలి గిన్నె దించాడు. "రెండూ ఒక్క భూమే బిడ్డా. ఒక్క బాయి నీళ్లే."

"అయితే మార్చు. ఆమెది నాకియ్యి, నాది ఆమెకియ్యి."

పొయ్యి ఊదుతున్న అంతమ్మ తల తిప్పింది. "అక్కను తీస్కోనియ్ మామా."

"సూసినవా, ఎంత తియ్యగ మాట్లాడ్తదో!" అంది నీలమ్మ.

మళ్లు మారాయి. కానీ నీలమ్మ చూపు మాత్రం తన పాత మడి మీదే. అక్కడ అంతమ్మ వంగి, జానెడు ఎత్తున్న మోళ్లను కొడవలితో నేలకు సమంగా కొట్టేస్తోంది. 'ఉన్న పిలకలను గూడ నరుక్కుంటున్నది, పిచ్చిది' అనుకొని లోలోపల మురిసింది.

ఇరవై రోజులకు ఆ మురిపెం పోయింది. మట్టిలోంచి వేలంత లావు పిలకలు తోసుకొచ్చాయి. మళ్లీ పక్కమడే బాగుంది! ఆ మడిలో కాలువ పక్క సాలొక్కటే ఎప్పటిలాగే పలచగా ఉంది.

"ఏం మందు వెట్టినవే?"

"మందేం లేదక్కా. మోడు ఎత్తుంటే పై కణుపు మీది కన్ను మొలకై లేస్తది, దానికి ఏర్లుండవు. నేలకు కొడితే మట్టిలోని కన్ను లేస్తది, తన ఏర్లు తనే వెట్టుకుంటది. జరమొచ్చి ఆ సాలు ఇడిసిన, గందుకే అట్లున్నది. నరికేనాడు నీకు చెప్పిన గదా, కిందికి నరికియ్యమని."

నీలమ్మకు ఆ రోజు గుర్తొచ్చింది. చెప్పింది నిజమే. అంతమ్మ చెప్పిందనే కూలోళ్లతో, "జర పైకే నరకుండ్రి" అని పట్టుబట్టింది తాను.

"నా దుబ్బులు చంపనీకె చెప్తున్నవనుకున్ననే..." అంటుండగానే కన్నీళ్లు ధార కట్టాయి. "నీ మడి నువ్వు తీస్కో, చెల్లె."

"ఇయ్యను పో! ఈ మడిల నా నడుము వోయింది, ఎట్ల ఇడుస్త?" అని నవ్వింది అంతమ్మ.

నీలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. అంతమ్మ చేతిలో కొడవలి అందుకొని కాలువ పక్క సాలులోకి దిగింది.

"ఎంత కిందికి కొట్టాలె?"

"చేతి ఏళ్లకు మట్టి తగలాలె, అక్కా."

నీలమ్మ వంగింది. ఇంకా వంగింది.