మంచం కింది జవాబు

మధ్యాహ్నం మూడింటికి సౌభాగ్యం పోయింది. కోడలు ఆర్తి ఏడవలేదు. లాస్‌పేట ఇంట్లో పరదాలన్నీ లాగి, అత్తకు గడ్డం దాకా దుప్పటి కప్పి, పాస్టరు ఇరుసప్పన్‌కి ఫోన్ చేసింది.

"అత్త మనసు మార్చుకుందయ్యా. బాప్తిస్మం కావాలంటాది. కొనూపిరి మీదుంది. నేను మందుకని కదిర్కామం పోతాండా, తలుపు తీసే ఉంటాది."

మనసు మార్చుకునే మొహమేనా అది? ఏడాది కిందట తన కొడుకు, ఆర్తి మొగుడు కార్తికేయన్ శవపేటికలో పడుకుంటే, వాడు క్రీస్తును నమ్మినవాడని తెలిసీ, ముద్దు పెట్టుకున్నట్టు వంగి నోట్లో బియ్యం కుక్కింది. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి తాడుతో కట్టింది. ఆనక ఆర్తి చెవిలో, "ఒళ్లు మీ దేవుణ్ణి తీసుకోనీ. ఆత్మ నాది" అనింది.

ఆర్తికి ఉపాయం లైబ్రరీ పుస్తకంలో దొరికింది. పదహారు వందల ఏళ్ల కిందట బాప్తిస్మం లేకుండా చచ్చినోళ్ల మంచం కింద బతికున్న మనిషిని దాచేవాళ్లట. శవాన్ని అడిగితే, కిందనుంచి జవాబు. అంతే, ఆత్మ క్రీస్తు వైపు వచ్చేసినట్టు.

మంచం కింద దుమ్ము. కర్పూర తైలం వాసన. అత్త బరువుకి నవారు వంగి ఆర్తి ముక్కుకి ఆనుతోంది.

చెప్పులు విడిచిన చప్పుడు.

"సౌభాగ్యమ్మా, నీ ఇష్టంతోనే కదా?"

"నా ఇష్టంతోనే," ముసలి గొంతు పెట్టి గొణిగింది ఆర్తి.

"పాపాలు ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా." నవ్వాపుకోడానికి చెయ్యి కొరుక్కుంది.

"యేసును నమ్ముతావా?"

నోరు తెరిచింది... మాట రాలేదు. నాలుక మీద గరుగ్గా ఏదో. ఒక గింజ. పది. గుప్పెడు... పచ్చి బియ్యం.

ముక్కు మీది నవారు మెల్లగా పైకి లేచింది.

"నమ్ముతానయ్యా," అని వినిపించింది పైనుంచి. ఆర్తి గొంతు.

"ఏందమ్మా ఆర్తీ, నువ్వా? ఎప్పుడొచ్చినావు? పెద్దామె యాడ?"

"పోయిందయ్యా. కిందుంది చూడండి. బతికుండంగా కూడా అంతే, పిలిస్తే దాక్కునేది."

పాస్టరు వంగాడు. ఆర్తి కళ్లతో బతిమాలింది. ఆయన జాలిగా నిట్టూర్చి, రెండు వేళ్లతో ఆ ముసలి కళ్లు మూశాడు.

చీకటి. కాళ్లయినా తన్నుకుందామనుకుంది... బొటనవేళ్లు రెండూ కలిసి ఉన్నాయి. వాటి చుట్టూ తాడు.

కొత్త తాడు కాదు. ఏడాదిగా మట్టిలో నానినట్టు మెత్తగా, చల్లగా ఉంది.