వెల్డ్ పక్కన

"వదినా, ఫ్యాక్టరీలో మనం పెట్టిన వెల్డ్ టెస్టర్‌ని పొద్దున లారీతో గుద్ది చంపేశారు," అన్నాడు చీఫ్.

'వదిన' ఆమె కోడ్ నేమ్. చీఫ్ నిజంగానే ఆమెకు మరిది కావటం ఆ గూఢచారి ఆఫీసులో అందరికీ నవ్వులాట. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

"పోయేముందే, అక్కడి గ్యాస్ ట్యాంకు వెల్డ్‌లో లోపం ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాడు. మధ్యాహ్నం ప్రెషర్ టెస్ట్. పేలిందంటే షెడ్డులో ఒక్కరూ మిగలరు. విదేశీ ముఠా పని."

"ఆపించెయ్ మరి!"

"పైవాళ్ళు వినట్లేదు. ముఠాలోకి మనం పంపిన ఏజెంటు, అదే మన 'మేడం', ట్యాంకు తనే చెక్ చేశానంటోంది."

"చచ్చినవాడి మాటకి విలువ లేదన్నమాట. బాగుందయ్యా మీ వరస!"

వదిన నీలం రంగు ఓవరాల్ తొడుక్కుని, ధ్వనితో వెల్డ్ లోపాలు పట్టే అల్ట్రాసోనిక్ మిషన్ మెడలో వేలాడేసుకుని, కొత్త టెస్టర్‌గా షెడ్డు లోపలికి వెళ్ళింది. అప్పటికే కంప్రెసర్ నడుస్తోంది. గేజ్ ముల్లు పైకి పాకుతోంది. మాడిన ఇనుము వాసన మధ్య మేడం సెంటు ఘుమఘుమలాడింది.

"అనవసరంగా శ్రమపడ్డావు. కావాలంటే నువ్వే చూడు," అంటూ మేడం మిషన్ వైరు చివరి ప్రోబ్ అందుకుని, వెల్డ్ గట్టు మీద నేరుగా ఆనించింది. స్క్రీన్ మీద గీత కదల్లేదు.

వదినకి ఒళ్ళు మండింది. ఆ ఎగుడుదిగుడు గట్టు మీద ప్రోబ్ ఎవరూ పెట్టరు. పక్కనున్న ప్లేటు మీద పెడితే ధ్వని ఏటవాలుగా వెల్డ్‌లోకి పోయి, ఖాళీ ఉంటే తగిలి వెనక్కొస్తుంది. ఈవిడ ఈ పని జన్మలో చేయలేదు. మరి చెక్ చేశానని ఎవరి కోసం చెప్పినట్టు?

"ఇలా ఇవ్వమ్మా." ప్లేటుకి జెల్ పూసి ప్రోబ్ జరిపింది. స్క్రీన్ మీద గీత నిటారుగా లేచింది. మిషన్ కీచుమంది.

వదిన పక్కటెముకలకి మేడం పెన్ను ఆనింది.

"ఇది రాసే పెన్ను కాదు, పేలే పెన్ను. ప్రోబ్ తియ్."

"తియ్యను."

"చస్తావు!"

"ట్యాంకు పేలినా చస్తాను. ఇక్కడే నిలబడితే నువ్వూ చస్తావు. నిన్ను కొన్నవాళ్ళు ఆ ముక్క చెప్పలేదా?"

మేడం కళ్ళు గేజ్ వైపు తిరిగాయి. వదిన బొటనవేలు మిషన్ అలారం వాల్యూమ్‌ని చివరిదాకా తిప్పింది. ఆ మోత అర్థం తెలిసిన ఫోర్‌మన్ "ఆపండ్రోయ్!" అని అరుస్తూ మెయిన్ స్విచ్ లాగేశాడు. ఎర్రగీత అంచున ముల్లు ఆగింది. వదిన మేడం పెన్ను పట్టిన చెయ్యి మెలిపెట్టింది. గుండు పైకప్పు రేకుని చీల్చుకుపోయింది.

మేడంకి బేడీలు పడ్డాక చీఫ్ ఫోన్ చేశాడు.

"వదినా, పైవాళ్ళు ఆ మోత నిజంగా లోపమేనా, మిషన్ తేడానా అని అడుగుతున్నారు."

"ఒచ్చి ట్యాంకుకి ఆనుకుని నించోమను. కంప్రెసర్ నేనే ఆన్ చేస్తా."