గంగవ్వ పొయ్యని కల్లు

"కాకి వాలిందా?"

"వాన వెలిశాక వాలుతుంది."

కోడ్ సరిపోయింది. ఏజెంట్ శంకర్రావు తలుపు తీశాడు. ఆ ఒంటిగది ఖోలీలోకి సెంటు వాసనతో రత్నాబాయి వచ్చింది. కొలాబా హోటల్లో పాడే అందగత్తె. ముఠాలో ఉంటూ మనవాళ్లకి కబుర్లు మోసేది.

చీఫ్ బ్రీఫింగ్ రెండు ముక్కలు. "విదేశీ ముఠా విషవాయువు సిలిండర్ ఒకటి బొంబాయిలో దింపింది. దాని వెంటపడ్డ మన సాయిలుని కామాఠిపురాలో సొంత ఖోలీలోనే చంపేశారు. వెతుకు, బతికి రా."

అందుకే శంకర్రావు రేడియో మెకానిక్ వేషంలో ఆ పక్క ఖోలీలో దిగాడు. సాయిలు ఖోలీకి పోలీసు సీలు. లోపల గడప పక్కన సాయిలు సోల్డర్ చేసిన అరచేయంత బోర్డు ఇంకా నడుస్తూనే ఉంది. మధ్యలో మైక్రోకంట్రోలర్ చిప్పు, చుట్టూ వేడికి, తేమకి, గ్యాస్‌కి మూడు సెన్సర్లు. గోడ కంతలోంచి వచ్చిన వైరు శంకర్రావు బల్ల మీద ఎర్ర అంకెలు చూపిస్తుంది. మనిషి ఊపిరి తగిలితే వేడి, తేమ పెరుగుతాయి. ఘాటు తగిలితే గ్యాస్ అంకె లేస్తుంది.

మనిషి లేని ఆ ఖోలీలో రోజూ సాయంత్రం గ్యాస్ అంకె లేచేది! మొదటిసారి శంకర్రావుకి ఒళ్లు జలదరించింది. తీరా చూస్తే సాయిలు తల్లి గంగవ్వ. కొడుక్కి ఇష్టమని తలుపు కిందనుంచి కల్లు పోస్తోంది. ఆ సెన్సర్ ముక్కుకి కల్లూ ఒకటే, విషమూ ఒకటే.

"నా కొడుకు లోపట్నే ఉన్నడు బిడ్డా. ఊపిరి ఇనవస్తది" అనేది. శంకర్రావుకి నవ్వు రాలేదు. అతనికీ వినిపించేది మరి.

ఇవాళ పెత్రమాస. ఆ ఖోలీల వరస, చాల్ అంతా, పోయిన పెద్దలకి పెట్టుకుంటోంది. గ్యాస్ అంకె మళ్లీ లేచింది.

"ముసలిది కల్లు పోసుంటుంది" అంది రత్నాబాయి. "సీలు పడకముందే ఆ ఖోలీ నేను అంగుళం అంగుళం వెతికాను. నాగ్‌పాడా గోడౌన్‌కి పద. సిలిండర్ అక్కడుంది."

శంకర్రావు గ్యాలరీలోకి వచ్చాడు. గంగవ్వ నిండు లోటా పట్టుకుని ఆకాశం చూస్తోంది.

"కల్లు పోశావా అవ్వా?"

"ఏడ పోస్త? పిట్టకు పెట్టినం, వానకు ఒక్క కాకి రాలే. కాకి ముట్టందే చచ్చినోనికి చుక్క పొయ్యం, మనం తాగం. చాల్ మొత్తం నోరెండబెట్టుకుని కూసున్నది."

కల్లు కాకపోతే ఆ ఘాటు దేనిది?

వెనక్కి తిరిగాడు. రత్నాబాయి చేతిలో చిన్న పిస్తోలు.

"ఈ చాల్ అంతా చచ్చినా రేపు పేపర్లో కల్తీ కల్లు అని వస్తుంది శంకర్. పండగ పూట ఎవరికి అనుమానం?"

"నా కొడుకును తిన్నది నువ్వేనానే!" గంగవ్వ లోటా కింద పెట్టింది. పక్కనున్న ఇత్తడి బిందె ఎత్తి రత్నాబాయి మణికట్టు మీద ఒక్కటేసింది. పిస్తోలు జారిపోయింది.

శంకర్రావు తడి తువ్వాలు మూతికి చుట్టుకుని సాయిలు ఖోలీ తలుపు తన్నాడు. మంచం కింద నేల పలక లేపాడు. సిలిండర్! వాల్వ్ సన్నగా కారుతోంది. దాన్ని పూర్తిగా తెరవడానికి కట్టిన అలారం గడియారం ముల్లు మోగే వేళకి వెంట్రుకవాసి దూరంలో ఉంది. వైరు తెంపాడు. వాల్వ్ బిగించాడు. గడియారం ఊరికే గణగణ మోగింది.

రత్నాబాయినీ సిలిండర్‌నీ జీపులు తీసుకుపోయాయి. గాలి ఆడాక తలుపు మూశారు. వాన వెలిసింది, కాకి ముట్టింది. గంగవ్వ ఏడుస్తూ తలుపు కిందనుంచి కల్లు పోసింది.

గ్యాస్ అంకె లేచింది. లేవాల్సిందే. తర్వాత వేడి లేచింది. తేమ లేచింది. నెమ్మదిగా తగ్గి, మళ్లీ లేచాయి.

ఫోన్లో చీఫ్ అడిగాడు. "ఖోలీ ఖాళీయేనా?"

"సాయిలున్నాడు సార్. డ్యూటీ దిగమని ఎవరూ చెప్పలేదట."