అనుమతి లేని ముఖాలు

ఉదయం నుంచి పైడిరాజు నూట పన్నెండు మందిని చెరిపేశాడు. బండి దగ్గర బజ్జీలు వేయిస్తున్న మనిషిని, వల విప్పుతున్న ముగ్గురిని, అలకి జడిసి పరిగెత్తుతున్న పిల్లని. తెరమీది ముఖాన్ని వేలితో గీస్తే చాలు, ఆ రూపం చెరిపినవాళ్లని దాచే నీడకోశంలోకి జారిపోయేది. దాని చోటు ఇసుకతోనో నీటితోనో నిండిపోయేది.

ముఖానుమతి లేనివాళ్లు ఏ ఫొటోలోనూ ఉండకూడదు. చచ్చిపోయినవాళ్ల అనుమతి ఆ రోజుతోనే రద్దు.

సెలవు రోజుల్లో అతనూ కెమెరా పట్టుకుని తీరం వెంట తిరిగేవాడు. విమాన విన్యాసాలు, పడవలు, టీకొట్టు దగ్గర జనం. ఏడాది తిరిగేసరికి అవన్నీ శుద్ధి కోసం ఈ బల్లమీదికే వచ్చేవి. ముచ్చటపడి తీసిన మనుషుల్ని తనే తుడిచేవాడు. అతని ఒంటరి గది గోడలమీద ఖాళీ బెంచీలు, ఖాళీ రేవులు.

మధ్యాహ్నం శుద్ధి కార్యాలయం కిటికీ దగ్గరికి నూకరత్నం వచ్చింది. రేవులో చేపలు ఎండబెట్టుకునే మనిషి.

"బాబూ, కిందటేడు ఇమానాల పండగనాడు మమ్మల్ని ఫొటో తీసినావు గదా. ఏడాదైతే తుడిసేత్తారంట. మా ఆయన పోయి నాలుగు నెల్లయినాది. ఒక్కపాలి సూపించు."

"చూపించకూడదమ్మా. ఆయన అనుమతి రద్దయిపోయింది."

"పోయినోడు వద్దంతాడా?"

పైడిరాజు తెరవైపు తిరిగాడు.

"నీ ఫొటో ఎవులు తీత్తారు బాబూ?"

"ఎవరూ లేరమ్మా."

ఆమె ఇంకేమీ అడక్కుండా వెళ్లి బయట మెట్టుమీద కూర్చుంది.

అతను ఆ ఫొటో వెతికి తెరిచాడు. తొమ్మిది విమానాలు ఆకాశాన్ని తెల్లగా చీల్చుకుపోతున్నాయి. వేల తలలు పైకెత్తి ఉన్నాయి. నూకరత్నం నోరు తెరిచి చూస్తోంది. పక్కన ఆమె భర్త ఒక్కడే ఆకాశంకేసి చూడటంలేదు. ఎండ తగలకుండా తన తువ్వాలు ఆమె తలమీద పట్టి, ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

పైడిరాజు వేలు ఆ ముఖందాకా వచ్చి ఆగిపోయింది. 'ఆమోదం' నొక్కాడు. యంత్రం అడిగింది:

*మృతుడు. అనుమతి ఎవరిది?*

అతను రాశాడు: *పక్కన నిలబడ్డ మనిషిది.*

యంత్రానికి అలాంటి జవాబు ఎన్నడూ రాలేదు. కాస్సేపు నిలిచిపోయింది. తర్వాత దాన్ని నియమంగా రాసుకుంది. నియమమన్నాక ఒక్క ఫొటోతో ఆగుతుందా? నీడకోశం తలుపులు తెరుచుకున్నాయి. తీరం పొడవునా శుద్ధిచేసిన ఫొటోలు చూపించే తెరలమీది ఖాళీ ఇసుకలో, చెరిపేసినవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడసాగారు. రోడ్డుమీద జనం ఆగిపోయారు. ఎవరో ఎవరి పేరో గట్టిగా పిలిచారు.

బల్లమీది స్పీకర్‌లో పర్యవేక్షకుడి గొంతు అదిరింది. "పైడిరాజు గారూ! ఏం చేశారు? ఆపండి, వెంటనే ఆపండి!"

అతను లేచి వెళ్లి తలుపు తీశాడు. "రా అమ్మా, లోపలికి."

నూకరత్నం తెర దగ్గరగా వంగింది. ముందు విమానాల్ని చూసింది, తర్వాత తనని, తర్వాత తన భర్తని.

"ఓలమ్మో," అంది సిగ్గుపడిపోతూ, "ఈడు ఇమానాలే సూణ్ణేదు!"