మూడు తూకాలు

దీవెన టీచర్‌కి ఒక జబ్బుంది. లెక్క కనబడితే వదలదు, జవాబు తెలిసినా చెప్పదు. చిన్నప్పుడు లెక్కల్లో మునిగి ఆమె మాడ్చిన అన్నంతో ఓ పెళ్లి భోజనం పెట్టొచ్చు.

ఇప్పుడు బహ్రెయిన్‌లో వారమంతా స్కూలు పిల్లల్ని వేపుకు తిని, శుక్రవారం మహూజ్ చర్చిలో తెలుగు ఆరాధన అయ్యాక పెద్దవాళ్ల మీద పడుతుంది. బోర్డు మీద ఒక లెక్క రాస్తుంది. జవాబు చీటీ వెనకబల్ల మీది బిస్కెట్ డబ్బాలో వేయాలి. పక్కనే అలాంటిదే ఇంకో డబ్బా, ప్రార్థన మనవులకి.

చీటీ వేసేది ఒక్కడే, మీనా సల్మాన్ రేవు గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే శాంసన్. ప్రతి వారం తప్పే. కాకపోతే ప్రతి వారం కొత్త తప్పు! ఆ చీటీలన్నీ దీవెన దాచుకుంది. ఎందుకో వాళ్లమ్మకి చెప్పలేదు.

ఈసారి లెక్క: పన్నెండు డబ్బాల్లో ఒకదాని బరువు తేడా. త్రాసు మీద మూడే తూకాల్లో దాన్ని పట్టుకోవాలి.

"తూకమెందుకు టీచర్‌గారూ? ఫోర్క్‌లిఫ్ట్ మీదకెత్తితే దాని మూలుగుని బట్టి చెప్పేస్తానండి."

"అది మూలిగేది మీ డ్రైవింగ్‌కి."

"పోనీ జవాబు చెప్పేయండి."

"నేను చెప్తే అది మీదెలా అవుతుంది?"

పక్కనే ఉన్న వాళ్లమ్మ విజయరాణి గొంతు సవరించుకుంది. ఆవిడ విజిట్ వీసా మీద వచ్చిందే కువైట్ ఇంజనీరు సంబంధం ఖాయం చేయడానికి.

"వచ్చే శుక్రవారానికి వాళ్లకి అవునో కాదో చెప్పాలే," అంది, శాంసన్‌కి వినబడేలాగే.

శాంసన్ మొహం మాడిపోయింది. దీవెన అతని వంకే చూసింది. ఈ మనిషి నోరు తెరిచి ఒక్క మాటంటాడా? అనడు. పోనీ తనంటుందా? అబ్బే!

శుక్రవారం రానే వచ్చింది. పాస్టర్ సుందర్‌రాజుగారు మనవుల డబ్బా తెరిచారు. ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఒకరికి వీసా రెన్యువల్. తర్వాత కళ్లజోడు సర్దుకుని ఇంకో చీటీ చదివారు.

"నాలుగు తూకాల్లో వస్తోంది, మూడింట్లో రావట్లేదండి. మీరు కువైట్ వెళ్లిపోతే నా తప్పులు దిద్దేదెవరు? బతికినన్నాళ్లూ మీ పక్కనే కూర్చుని తప్పులు చేయాలనుంది. శాంసన్."

కంగారులో డబ్బా మారిపోయిందని శాంసన్‌కి అప్పుడు తెలిసింది. తల కుర్చీ కిందకి దూర్చేశాడు.

పాస్టరుగారికి సగం అర్థం కాలేదు. అలవాటు చొప్పున కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ సహోదరుడి మనవి నెరవేర్చుము" అనేశారు.

"ఆమేన్!"

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా. దీవెనే!

విజయరాణి కూతుర్ని ఎగాదిగా చూసింది. "ఎవరికీ జవాబు చెప్పనిదానివి, ఇంతమందిలో చెప్పేశావు కదే! సరే, దేవుడి సన్నిధిలో ఆమేన్ అన్నాక నేనెవర్ని? కువైట్ వాళ్లతో నేను మాట్లాడతాలే."

శాంసన్ మెల్లగా తలెత్తాడు. "ఇప్పుడైనా ఆ లెక్క జవాబు చెప్తారా టీచర్‌గారూ?"

"చచ్చినా చెప్పను." దీవెన తన పక్కకి ఒక కుర్చీ లాగింది. "కూర్చో. వచ్చేదాకా లేచేది లేదు."