నాన్న బిగించిన తీగ

మసాచుసెట్స్ తీరంలోని ఆ చేపల రేవులో జనవరి చలి గజగజలాడిస్తోంది. ఓడీలియా పెనం మీద సూప్‌లోకి సాసేజి వేయిస్తూ కూతురి వైపు చూడలేదు. విడాకులై పుట్టిల్లు చేరిన గ్రాసా కాఫీ కలుపుకుంటోంది.

"చర్చి దగ్గర మళ్లీ అడిగారు, ఊరే అందరి తరఫునా కరెంటు కొనాలని సభలో అరిచింది నీ కూతురేగా అని. నా ఇంట్లో మాత్రం మా ఆయన పనిచేసిన కంపెనీ కరెంటే వెలుగుతుందని చెప్పా. ఆయన ప్రాణం పోయింది ఆ తీగల కోసమే. మొగుణ్ణి నిలుపుకోలేనిది కంపెనీని వెళ్లగొడుతుందట!"

గ్రాసా కప్పు ఠక్కున పెట్టింది.

"ఏ కంపెనీ కరెంటమ్మా? వేసవి నుంచీ నువ్వు వండుతున్నది ఊరి కరెంటుతోనే. వద్దని ఊరికి చెప్పనివాళ్లంతా ఆ పథకంలో చేరినట్టే. నువ్వు చెప్పావా? నాన్న ఫొటో దగ్గర బల్బు వెలిగేది కూడా మా కరెంటుతోనే. తేడా తెలిసిందా?"

ఓడీలియా గరిటె పడేసింది. నేలమాళిగలోకి దిగి మెయిన్ స్విచ్ కట్టేసి వచ్చింది. హీటరు ఆగిపోయింది.

"ఇక ఈ ఇంట్లో అది వెలగదు. నువ్వూ ఉండవు. సామాను సర్దుకో."

మధ్యాహ్నానికి పొయ్యి మీది సూప్ చల్లబడింది. మొగుడి పాత కోటులో ముడుచుకున్న ఓడీలియా పెదవులు నల్లబడ్డాయి. గ్రాసా కాసేపు కసిగా చూసింది. ఆపైన చూడలేకపోయింది. తల్లిని చెయ్యిపట్టి కిటికీ దగ్గరికి తెచ్చింది. మంచు తుఫానులో కంపెనీ లైన్‌మన్ అయిన తండ్రి ఆర్మందు ఎక్కి, జారిపడి చనిపోయిన స్తంభం వీధి మూల కనబడుతోంది.

"ఊరు కొత్త స్తంభం ఒక్కటైనా పాతిందా? మేం కరెంటు బేరమాడి కొంటాం, అంతే. ఇంటికి తెచ్చేది నాన్న కంపెనీయే. తీగ తెగితే ఎక్కేదీ, బిల్లు పంపేదీ వాళ్లే. నాన్న బిగించిన ఆ తీగ తప్ప ఈ ఇంటికి వేరే దారి లేదమ్మా."

ఓడీలియా స్తంభం మీంచి చూపు తిప్పి కూతుర్ని చూసింది.

"పొద్దున్నే ఈ మాట చెబితే నీ నోరు పడిపోయేదా?"

"నిన్ను ఏడిపించాలనిపించింది."

"నాకూ అదే అనిపించింది. అందుకే నీ మొగుడి ఊసెత్తాను," అంటూ ఓడీలియా కోటు చేతితో కళ్లు తుడుచుకుంది.

గ్రాసా నేలమాళిగలోకి దిగింది. స్విచ్ మీద చెయ్యేసి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏమే, ఏడుపు తర్వాత! ముందు స్విచ్ వెయ్యి," పైనుంచి తల్లి కేకేసింది. "మీ నాన్న చీకట్లో ఉన్నాడు."